నికాన్ అన్న, కెనాన్ అన్న, ఒక పాత ఫోటో

వార్డెన్ గారి గదిలో రిజిస్టర్ల బీరువా పక్కన గోడకు ఒక గ్రూప్ ఫోటో ఉంది. ఈ హాస్టల్లో ఒక్క ఏడాది ఉన్నవాళ్లు కూడా దాన్ని చూసే ఉంటారు. గోడ దూకి సినిమాకు పోయి దొరికిపోయినప్పుడు సారు ముఖం చూడలేక మనమందరం చూసింది ఆ ఫోటోనే కదా! నాలుగు వరుసల్లో 58 మంది పిల్లలు, మధ్యలో కుర్చీల్లో అప్పటి వార్డెన్ గారు, ట్యూటర్లు, ఓ పక్కగా వంటవాళ్లు, కామాటి. నేల మీద కూర్చున్న ఒక బుడ్డోడి చేతిలో పలక, పలక మీద సుద్దతో 1986 అని రాసి ఉంటుంది. కింద అట్ట మీద ఇంకుతో అందరి పేర్లూ ఉన్నాయి. కాని ఆ పేర్లు చదివినవాళ్లు మాకు తెలిసి ఎవరూ లేరు. ఇంకు వెలిసిపోయింది, ఎడమ మూల చెమ్మ తగిలి మరక పడింది.

ఈ వార్షికోత్సవ సంచికలో ఆ ఫోటోను పెద్దదిగా అచ్చు వేయాలని, కింద పేర్లన్నీ ఇవ్వాలని సంచిక పని నెత్తిన వేసుకున్న మేము నలుగురం అనుకున్నాం. ఒకే బకెట్టు, ఒకే సబ్బుతో పెరిగినవాళ్లం కాబట్టి ఈ వ్యాసంలో కూడా "నేను" అని రాయడానికి చెయ్యి రావడం లేదు. మేము అనే రాస్తాం. రాస్తున్న చేతికి మాత్రం ఇరవై మూడేళ్లు, ఎమ్మెస్సీ ఫిజిక్సు, ఇంటి మొత్తానికి మొదటి డిగ్రీ. ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. మా నాన్న కూడా ఈ హాస్టల్లోనే ఏడో తరగతి చదివి మధ్యలో మానేశాడు. "ఆ ఫోటోలో నేను కూడా ఎక్కడో ఎనకమాల ఉంటాలే" అని ఒక్కసారి అన్నాడు, అంతే. ఎక్కడ అని అడిగితే మాట మార్చేవాడు. నాన్న చిన్నప్పటి ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. చిన్నప్పుడు ఈ హాస్టల్లో ఉన్న అయిదేళ్లూ ఆ 58 ముఖాల్లో మా ముక్కు, మా నుదురు ఎక్కడున్నాయా అని వెతికినవాళ్లమే.

మొదట స్కానింగ్ చేయిద్దామని టౌనుకు తీసుకెళ్లాం. స్టూడియో ఆయన ఫ్రేము వెనక్కి తిప్పి చూసి, ఏళ్ల తరబడి చెమ్మకు ఫోటో అద్దానికి అతుక్కుపోయిందని, లాగితే ముఖాలు అద్దానికే ఉండిపోతాయని చెప్పాడు. కనుక అద్దంతో సహా కెమెరాతో ఫోటో తీసుకోవడమే దారి. ఫోన్లతో తీసి చూశాం. మా తలకాయలు, ట్యూబులైటు, కిటికీ ఊచలు అన్నీ అద్దంలో పడ్డాయి. పెద్దది చేస్తే ముఖాలు మైనపు ముద్దల్లా ఉన్నాయి.

అప్పుడు పూర్వ విద్యార్థులైన ఇద్దరు అన్నలకు ఫోన్ చేశాం. ఒకాయన ఒంగోలులో పెళ్లిళ్ల ఫోటోలు తీస్తాడు, ఆయన చేతిలో ఉన్నది నికాన్ డి850. ఇంకొకాయన హైదరాబాదులో చీరల షాపుల వాళ్లకు కేటలాగు ఫోటోలు తీస్తాడు, ఆయనది కెనాన్ 5డీఎస్ ఆర్. ఇద్దరూ ఒకే బ్యాచ్. చదువుకునేటప్పుడు కబడ్డీలో చెరో జట్టు, ఇప్పుడు కెమెరాల్లో చెరో జట్టు. "మాది 50 మెగాపిక్సెళ్లు, వాడిది 45. ఇక పోటీ ఏముంది?" అని కెనాన్ అన్న. "వాడిది 2015లో వచ్చిన మోడలు, మాది 2017. కొత్తదాని ముందు పాతది నిలుస్తుందా?" అని నికాన్ అన్న. ఇద్దరూ కెమెరాలు తీసుకుని ఒకే ఆదివారం హాస్టలుకు వచ్చారు. పిల్లలందరూ చుట్టూ మూగారు. క్రికెట్ మ్యాచి చూడటానికి కూడా అంతమంది చేరి ఉండరు.

మొదటి ఆట అయిదు నిమిషాల్లో అయిపోయింది. నికాన్ అన్న పెళ్లిళ్లలో వాడే 24-70 జూమ్ లెన్సుతో, ట్యూబులైటు వెలుతురులో, చేత్తో పట్టుకునే తీశాడు. కెనాన్ అన్న ట్రైపాడ్ వేసి, చీరల జరీ దగ్గరగా తీసే 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు బిగించి తీశాడు. లాప్‌టాప్‌లో పక్కపక్కన పెట్టి చూస్తే కెనాన్ ఫోటోలో పలక మీద అంకెల అంచులు తెలుస్తున్నాయి, నికాన్‌లో లేవు. పిల్లలు ఈలలు వేశారు. నికాన్ అన్న ముఖం చిన్నబుచ్చుకుని కెమెరా సంచిలో పెట్టేయబోయాడు.

అక్కడ మేము అడ్డం పడ్డాం. ఎమ్మెస్సీ ల్యాబులో మాకు మొదట నేర్పింది ఇదే: ఒకదాన్ని పోల్చాలంటే మిగతావన్నీ సమానంగా ఉండాలి. ఒకరు చేత్తో పట్టుకుని, ఒకరు ట్రైపాడ్ మీద పెట్టి తీస్తే తేలేది చెయ్యి వణుకుతుందనేగాని కెమెరా గొప్పతనం కాదు.

తమ్ముళ్లారా, ఈ మాట ల్యాబులో విన్నప్పుడు మాకు ఫిజిక్సు గుర్తుకు రాలేదు, హాస్టలు గుర్తొచ్చింది. "ఫలానా ప్రైవేటు స్కూలు పిల్లలకు అన్ని మార్కులు వస్తున్నాయి, మీకేం రోగం?" అనే మాట మనలో విననివాడెవడు? నూట ఇరవై మందికి మూడు కొళాయిలు, స్టడీ అవర్లో పోయిన కరెంటు, ఒక్క గైడు పదిమంది చేతులు మారడం ఆ పోలికలో ఎవరూ లెక్క వేయరు. ట్రైపాడ్ మీద పెట్టిన కెమెరాను, వణికే చేతిలోని కెమెరాను పక్కపక్కన పెట్టి చూసి తీర్పు చెప్పేస్తారు. ఆ ఆదివారం అన్న ముఖం చిన్నబోవడం చూసినప్పుడు మాకు అదే తోచింది.

కాబట్టి రెండో ఆట పద్ధతిగా పెట్టాం. నికాన్ అన్న ఉంగరాలు, తాళిబొట్లు దగ్గరగా తీయడానికి వాడే 60 మిల్లీమీటర్ల మైక్రో లెన్సు సంచిలోంచి తీశాడు. ఆయన లెన్సు ఈయన కెమెరాకు పట్టదు, ఈయనది ఆయన కెమెరాకు పట్టదు. అందుకని మేము పోలుస్తున్నది ఒట్టి కెమెరాలను కాదు, కెమెరా లెన్సుల జతలను అని ముందే ఒప్పుకున్నాం. ఫ్రేములో పాత ఫోటో రెండింటిలోనూ ఒకే సైజులో ఉండాలి. అందుకు 60ని రెండడుగుల పైచిలుకు దూరంలో, 100ని దాదాపు నాలుగడుగుల దూరంలో పెట్టాల్సి వచ్చింది.

అద్దంలో నీడలు పడకుండా కిటికీలు మూసి, ఒకే రకం ఎల్ఈడీ లైట్లు రెండు ఫోటోకు చెరో వైపు ఏటవాలుగా 45 డిగ్రీల్లో పెట్టాం. కెమెరా వెనక నల్ల దుప్పటి కట్టాం, దాని మధ్యలో చిల్లు, చిల్లులోంచి లెన్సు. అద్దానికి ఎదురుగా నలుపే ఉంటే అద్దంలో పడేదీ నలుపే. కెమెరా సరిగ్గా ఎదురుగా ఉందా లేదా తెలియడానికి తల దువ్వుకునే చిన్న అద్దాన్ని ఫోటో మధ్యలో ఆనించి పెట్టాం. కెమెరాలోంచి చూస్తే అందులో లెన్సు ప్రతిబింబం నట్టనడుమ కనిపించాలి. పక్కకు కనిపిస్తే కెమెరా వంకరగా ఉన్నట్టు, అప్పుడు ఒక పక్క ముఖాలు స్పష్టంగా, ఇంకో పక్కవి మసగ్గా వస్తాయి. ఫ్యాను ఆపించాం. ఈ రెండు కెమెరాల్లోనూ ఫోటో తీసేటప్పుడు లోపల ఒక అద్దం లేస్తుంది, ఆ అదురు కూడా ఫోటోలో తెలుస్తుంది. అందుకని స్క్రీను మీద చూస్తూ ఫోకస్ చేసి, టైమర్ పెట్టి, అందరం ఊపిరి బిగబట్టి నిలుచున్నాం.

ఇంత చేసినా మొదటి కెనాన్ ఫోటో మెత్తగా వచ్చింది. అన్న తెల్లబోయాడు. చూస్తే "అంతా షార్ప్‌గా రావాలి" అని అపెర్చర్‌ను ఎఫ్ 16కి మూసేశాడు. ఇంటర్ ఫిజిక్సులో మనం చదువుకున్న వివర్తనమే ఇది. సన్నని రంధ్రంలోంచి పోయే వెలుతురు చుట్టూ పరుచుకుంటుంది. ఎఫ్ 16 దగ్గర ఒక్కో చుక్క ఇంచుమించు 21 మైక్రాన్ల మచ్చ అవుతుంది. ఈ కెమెరాల్లో ఒక్కో పిక్సెల్ వెడల్పు 4 మైక్రాన్ల పైచిలుకు మాత్రమే. అంటే అయిదు పిక్సెళ్లు కలిసి ఒకే చుక్కను మోస్తున్నాయన్నమాట. ఎఫ్ 5.6కి తెరిస్తే మచ్చ ఏడెనిమిది మైక్రాన్లకు దిగింది, ఫోటో తేటపడింది. పరీక్షలకు వల్లెవేసిన సూత్రం కళ్లముందు పనిచేస్తుంటే తొమ్మిదో తరగతి పిల్లలు కూడా నోరు తెరుచుకుని చూశారు.

ఇక ఫలితం. రెండు కెమెరాలూ రా ఫైళ్లు తీశాయి. కెమెరా తనంతట తాను పదును పెట్టి ఇచ్చే జేపెగ్‌లను పక్కన పెట్టి, రా ఫైళ్లను ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఒకే లెక్కన తెరిచాం. కెనాన్ ఫోటో 8688 పిక్సెళ్ల వెడల్పు, 5792 ఎత్తు. నికాన్ 8256 వెడల్పు, 5504 ఎత్తు. యాభైకీ నలభై అయిదుకీ మాటల్లో పెద్ద తేడాలాగే ఉంటుంది. కాని వెడల్పులో చూస్తే నూటికి అయిదు వంతులు. మన ఫోటో ఎత్తు పది అంగుళాలు, అందులో ఒక్కో ముఖం వెడల్పు ఎనిమిది మిల్లీమీటర్లు. లెక్క కడితే ఒక ముఖానికి నికాన్‌లో 160 పిక్సెళ్లు, కెనాన్‌లో 168. ఆ ఎనిమిది పిక్సెళ్ల కోసమా ఇద్దరన్నలూ ఇన్నాళ్లు కొట్టుకున్నది! వివరం రెట్టింపు కావాలంటే మెగాపిక్సెళ్లు నాలుగింతలు కావాలి. 2019లో వచ్చిన సోనీ కెమెరా ఒకటి 61 మెగాపిక్సెళ్లది, దాని ఎత్తు కూడా 6336 పిక్సెళ్లే.

నీడల్లో మాత్రం తేడా కనిపించింది. మరక పడ్డ నల్లని మూలను సాఫ్ట్‌వేర్‌లో వెలిగిస్తే నికాన్‌లో గరుకు తక్కువగా ఉంది. ఐఎస్ఓ 64 నుంచి మొదలయ్యే ఆ కెమెరాకు చీకటిని మోయడంలో మంచి పేరే ఉంది. లెన్సు విషయంలో కెనాన్ అన్న మాక్రో అంచుల దాకా ఒకే తీరుగా ఉంది, నికాన్ అన్న మైక్రో కూడా దానికి ఏమీ తీసిపోలేదు. రెండింటిలోనూ ఇంకాస్త పెద్దది చేస్తే చివరికి కనిపించింది ఒకటే, పాత కాగితం మీది రేణువులు. అక్కడితో ఫోటో అయిపోయింది. దాని అవతల ఏ కెమెరాకూ చూపించడానికి ఏమీ మిగల్లేదు.

అయినా తీర్పు జనం చెప్పాలి కదా అని రెండింటినీ 12కి 18 అంగుళాల్లో ప్రింటు వేయించి, వెనకాల అ, ఆ అని రాసి, ఇరవై మంది పిల్లలకు చూపించాం. పదకొండు మంది ఒకటి బాగుందన్నారు, తొమ్మిది మంది రెండోది. తర్వాత ఎవరికీ చెప్పకుండా ఒకే ఫైలును రెండుసార్లు వేయించిన జత పెట్టాం. దానికీ వాదించుకున్నారు! ఒకడు ఎడమదానిలో కళ్లు బాగున్నాయన్నాడు, ఇంకొకడు కుడిదానిలో చొక్కాలు బాగున్నాయన్నాడు. వంటగదిలోంచి వచ్చిన అక్క చెయ్యి కొంగుకు తుడుచుకుని రెండూ అటూ ఇటూ తిప్పి చూసి, "రెండూ ఒకటే గదయ్యా, ఎందుకు గొడవ?" అని వెళ్లిపోయింది. ఆ రోజుకు అసలైన పరీక్షకురాలు ఆమే. ఇద్దరన్నలూ నవ్వి, కలిసి టీ తాగడానికి పోయారు.

పేర్లు 51 చదవగలిగాం. ఏడు మరకలో పోయాయి. ముఖాలు మాత్రం ఒక్కటి తప్ప అన్నీ తెలిశాయి. ఒకడి చొక్కాకు గుండీ బదులు పిన్నీసు, ఒకడి మోకాలికి కట్టు, ఒకడి జేబులో సగం బయటికి ఉన్న దువ్వెన, అన్నీ కనిపించాయి. ఆ ఒక్క ముఖం మూడో వరుసలో ఎడమ చివరిది. రెండు కెమెరాల్లోనూ అది చెదిరిపోయే ఉంది. చొక్కా స్పష్టంగా ఉంది, ముఖం లేదు. అంటే మా ఫోకస్ తప్పు కాదు, 1986లో ఫోటో తీసిన క్షణాన ఆ పిల్లవాడు తల తిప్పాడు.

మా నాన్న ఎవరో మాకు ఇంకా తెలియలేదు. ఆయన పేరు మరకలో పోయిన ఏడింటిలో ఉంది. నాలుగో వరుసలో మా ముక్కులాంటి ముక్కున్న పిల్లవాడిని మనసులో ఖాయం చేసుకున్నాం. ఈలోగా ఒక తమ్ముడు, "పాపం ఈ ఒక్కడే సరిగ్గా లేడు" అని ఆ చెదిరిన ముఖాన్ని ఫోన్‌లోని ఒక యాప్‌లో వేసి తెచ్చాడు. క్షణంలో కళ్లు, కనుబొమలు, పెదవులు వచ్చేశాయి. నిజంగా చక్కటి ముఖం. అచ్చులో అదే వాడదామా అని కాసేపు మేము కూడా అనుకున్నాం.

ప్రింటులు తీసుకుని ఇంటికి వెళ్లాం. నాన్న పలకల గనిలో చేసి చేసి చూపు తగ్గినవాడు. మాది మార్కాపురం దగ్గర, అక్కడి నేలలో పలకలు పండుతాయి అంటారు. వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టి నాలుగో వరుస పిల్లవాడి మీద వేలు పెట్టాం.

"ఈడు కాదురా. ఈడు నా పక్క ట్రంకు పెట్టె వోడు. రాత్రిళ్లు పళ్లు కొరికేవోడు."

యాప్‌లో చేసిన ముఖం చూపించాం.

"ఎవుర్రా ఈ పిల్లోడు? బాగుండాడే. ఈడు మా హాస్టల్లో ఉన్నట్టు లేదే."

ఆ తర్వాత ఏమీ దిద్దని ప్రింటు చేతికిచ్చాం. కళ్లజోడు సర్దుకుని, వరుసలు వెతకకుండానే, తిన్నగా ఎడమ చివర చెదిరిన ముఖం మీద వేలు పెట్టాడు.

"ఇదిగో, నేను."

ముఖమే లేదు కదా నాన్నా, ఎట్లా గుర్తుపట్టావు అన్నాం. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు.

"మా నాయన ఆ పొద్దు గేటు కాడికి వచ్చి నిలబడ్డాడు. గనిలో పనికి తీసకపోదామని. ఫోటో అయినాక పోదువులే అన్నాడు సారు. కదలొద్దు, కదలొద్దు అని ఫోటో ఆయన అరస్తానే ఉండాడు. నాయన ఉండాడా పోయినాడా అని ఒక్కసారి అట్టా చూసినా. అంతే."

ఆ సాయంత్రమే నాన్న ట్రంకు పెట్టె సర్దుకుని హాస్టలు వదిలాడు. పన్నెండేళ్ల వయసు. బాల కార్మికుల నిషేధ చట్టం వచ్చింది కూడా ఆ 1986లోనే. చట్టం పుస్తకంలోకి వచ్చింది, నాన్న గనిలోకి పోయాడు. తర్వాత ఆయన చెక్కిన పలకల మీద ఎంతమంది పిల్లలు అఆలు దిద్దారో! చేతిలో పలకతో ముందు వరుసలో కూర్చున్న బుడ్డోడిని చూపించి, "ఈ పలక మాత్రం నేను చేసింది కాదు" అని నవ్వాడు.

యాప్ ముఖాన్ని ఆ రాత్రే ఫోన్‌లోంచి తీసేశాం. అది అచ్చయి ఉంటే అందమైన ముఖం ఒకటి ఉండేది, గేటు వైపు చూసిన పిల్లవాడు ఉండేవాడు కాదు. రెండు మంచి కెమెరాలు, రెండు మంచి లెన్సులు చేసిన మేలు కూడా అదే. ఉన్నదాన్ని ఉన్నట్టు చూపించాయి, లేనిదాన్ని కల్పించలేదు. చెదిరింది మా చేతిలో కాదని, ఆనాడే చెదిరిందని గట్టిగా చెప్పగలిగాం కాబట్టే నాన్న చేతికి ఆ ప్రింటు ఇవ్వగలిగాం.

తమ్ముళ్లారా, రేపు మీరు కూడా బయటికి వెళతారు. ఎవరో ఒకరు మిమ్మల్ని ఎవరి పక్కనో నిలబెట్టి పోలుస్తారు. బాధపడకండి. వెలుతురు సమానంగా ఉందా, ట్రైపాడ్ ఇద్దరికీ ఉందా అని మాత్రం అడగండి. అట్లాగే మీరు ఇంకొకరిని పోల్చేటప్పుడు కూడా ముందు ఆ ప్రశ్న మీకు మీరే వేసుకోండి. ఒక ముఖం చెదిరి కనిపిస్తే పనికిమాలినదని పక్కన పెట్టకండి. ఆ క్షణాన అది ఎటు చూస్తోందో కనుక్కోండి.

ఫోటో ఈ సంచిక మధ్య పేజీల్లో ఉంది. తీసింది ఏ కెమెరాతోనో రాయలేదు, ఇద్దరన్నలే వద్దన్నారు. కింద 52 పేర్లు అచ్చువేశాం. యాభై రెండోది కెమెరా చదివింది కాదు, నాన్న చెప్పింది. ఇంకా ఆరు ఖాళీలు ఉన్నాయి. పూర్వ విద్యార్థులైన అన్నలారా, ఆ ఫోటో మీ ఇళ్లలో నాన్నలకు, బాబాయిలకు, మేనమామలకు ఒక్కసారి చూపించండి. ఎవరైనా వేలు పెట్టి "ఇదిగో, నేను" అంటే ఆ పేరు వార్డెన్ గారికి ఒక కార్డు ముక్క మీద రాసి పంపండి. వచ్చే సంచికలో నింపుకుందాం.